బిల్లు ఒకరిది, స్తంభం ఇంకొకరిది: ఇంటి ఇంటర్నెట్ చిక్కుముడి

2025 ఆగస్టు 17 అర్ధరాత్రి వేళ హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథాన్ని చేతులతో లాగుతున్నవారికి కరెంటు తగిలి అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. పైన వేలాడుతున్న తీగ గుండా విద్యుత్తు దిగి ఉంటుందన్న అనుమానం రావడంతో, నగరంలో కరెంటు స్తంభాలకు చుట్టలు చుట్టలుగా వేలాడే కేబుళ్లను తొలగించే పని ఆ తర్వాతి రోజుల్లో ఊపందుకుంది. తీగ తెగిన వీధుల్లో ఇళ్లకు నెట్ పోయింది. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు గానీ, ఆన్‌లైన్ పాఠాలు వినే పిల్లల తల్లిదండ్రులు గానీ ఎవరిని అడిగితే వారి జవాబు వారిదే అయింది. స్తంభం విద్యుత్ సంస్థది, దాని మీది తీగ కేబుల్ ఆపరేటర్‌ది, నెలనెలా వచ్చే బిల్లు మాత్రం మరో కంపెనీది.

అప్పటి గందరగోళం అసాధారణమే అయినా, అది బయటపెట్టిన సంగతి మాత్రం ప్రతి ఇంటికీ తరచూ ఎదురయ్యేదే. ‘నెట్ కనెక్షన్’ అని మనం ఒకే వస్తువులా పిలిచేది నిజానికి అయిదారు చేతులు మారి ఇంటికి చేరే సేవ. చెడిపోయేది ఒకరి దగ్గర, ఫిర్యాదు తీసుకునేది మరొకరు, నిబంధనలకు కట్టుబడాల్సింది ఇంకొకరు. కనెక్షన్ దొరకకపోవడం, దొరికినది నిలవకపోవడం, నిలిచినా చెప్పిన వేగం రాకపోవడం అనే మూడు విసుగులకూ మూలం చాలావరకు ఈ అతుకుల దగ్గరే కనబడుతుంది.

ఒక కనెక్షన్, ఎన్ని చేతులు?

పైనుంచి మొదలుపెడితే ముందుగా వచ్చేది ఇంటర్నెట్ సేవల కంపెనీ. దానికి కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు ఉండాలి. ఈ లైసెన్సుల్లో మూడు తరగతులున్నాయి: ‘ఎ’ తరగతివారు దేశమంతటా, ‘బి’ తరగతివారు ఒక టెలికాం సర్కిల్ పరిధిలో, ‘సి’ తరగతివారు దాదాపు ఒక జిల్లా అంత ప్రాంతంలో సేవలు అందించవచ్చు. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా, టెలికాం శాఖ లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకే సేవా ప్రాంతంగా కొనసాగుతున్నాయి. చిన్న కంపెనీలు తమకు కావలసిన బ్యాండ్‌విడ్త్‌ను, అంటే డేటా మోసే సామర్థ్యాన్ని, పెద్ద కంపెనీల దగ్గర టోకున కొని, ఇళ్లకు చిల్లరగా అమ్ముతాయి.

ఆ తర్వాతి చెయ్యి స్థానిక కేబుల్ ఆపరేటర్‌ది. 1990లలో డిష్ యాంటెన్నా పెట్టి వీధి వీధికీ టీవీ తీగ లాగినవారు, వారి వారసులు, వారి దగ్గర పని నేర్చుకుని విడిగా వ్యాపారం పెట్టుకున్నవారు నేడు ఇంటర్నెట్ ఆఖరి మజిలీకి ఆధారం. పెద్ద కంపెనీలు కొన్నిచోట్ల సొంత మనుషులతో తీగలు వేసినా, చాలా కాలనీల్లో, పట్టణాల్లో, పల్లెల్లో ఈ ఆపరేటర్లతోనే ఆదాయం పంచుకునే ఒప్పందాలు చేసుకుంటాయి. ప్రభుత్వ రంగ బీఎస్ఎన్ఎల్ కూడా ఇంటింటికీ ఫైబర్ ఇచ్చే పనిలో ఇలాంటి భాగస్వాముల మీద ఆధారపడుతుంది. ఆపరేటర్ కింద జీతానికో, పనికింతనో కుదిరిన లైన్‌మ్యాన్ ఉంటాడు. నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేది అతనే. కంపెనీ అసలు స్వరూపం వినియోగదారుడికి కనబడేది అతని ముఖంలోనే, కానీ కంపెనీ జీతాల పట్టీలో అతని పేరు చాలాసార్లు ఉండదు.

ఈ వరుసకు పక్కగా మరో ఇద్దరు ఉన్నారు. స్తంభం గల విద్యుత్ పంపిణీ సంస్థ ఒకటి, అపార్టుమెంటులోకి తీగ రానివ్వాలా వద్దా అని తేల్చే సంఘం మరొకటి. వీరిద్దరికీ మన బిల్లుతో సంబంధం లేదు, మన నెట్‌తో మాత్రం ఉంది.

‘మీ ఇంటికి ఫీజిబిలిటీ లేదండీ’

కొత్త ఇంట్లో చేరినవారు మొదట వినే మాట ఇది. అక్కడికి కనెక్షన్ ఇచ్చే వీలు లేదని దాని అర్థం. పక్క వీధిలో అదే కంపెనీ నెట్ నడుస్తుంటే మనకు ఎందుకు లేదన్నది సహజంగా వచ్చే ప్రశ్న. స్తంభానికి తగిలించిన చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఎనిమిదో, పదహారో రంధ్రాలుంటాయి. వాటినే పోర్టులంటారు. ఒక్కో పోర్టు నుంచి ఒక్కో ఇంటికి తీగ వెళుతుంది. పోర్టులన్నీ నిండితే కొత్త పెట్టె పెట్టాలి, దానికి వెనక నుంచి మరో ఫైబర్ పోగు రావాలి. ఒక్క ఇంటి కోసం ఆ ఖర్చు పెట్టాలా అన్నది ఆపరేటర్ లెక్క.

ఆ లెక్కను ఊహించుకోవడం కష్టం కాదు. కాలనీ చివరి ఇంటికి 300 మీటర్ల తీగ, మనిషి కూలి, సామగ్రి కలిపి 6,000 రూపాయలయ్యాయని, నెలకు 499 రూపాయల ప్లాన్‌లో కంపెనీ వాటా పోగా ఆపరేటర్‌కు 150 మిగులుతుందని అనుకుందాం. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 40 నెలలు పడుతుంది. అద్దె ఇంటివారు ఏడాదికే ఖాళీ చేస్తే అతనికి నష్టమే. ‘ఉచిత ఇన్‌స్టలేషన్’ కావాలంటే ఆరు నెలలో ఏడాదో ముందే కట్టమనడం వెనక ఉన్నది ఈ భయమే. కట్టినవారి వైపు నుంచి చూస్తే కథ వేరు. రెండో నెలలోనే సేవ చెడితే, డబ్బు ముందే ఇచ్చేసినందువల్ల, మానేస్తామని బెదిరించే అవకాశం కూడా వారి చేతిలో ఉండదు.

అపార్టుమెంట్లలో అడ్డంకి వేరే రూపంలో వస్తుంది. బిల్డరో, సంఘమో ఒక కంపెనీతో మాట్లాడుకుని మిగతావారిని గేటు దగ్గరే ఆపేస్తారు. గోడలు పాడవుతాయని, నిలువు గొట్టంలో చోటు లేదని సంఘాలు చెప్పే కారణాల్లో నిజం లేకపోలేదు, ఎందుకంటే పాత భవనాలను కట్టినప్పుడు ఇంటర్నెట్ తీగకు దారి వదలాలన్న ఆలోచనే ఎవరికీ లేదు. భవనాలకు డిజిటల్ కనెక్టివిటీని బట్టి నక్షత్రాల రేటింగ్ ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో తెచ్చింది. కొత్తగా కట్టే వాటికి అది ఉపయోగపడవచ్చు గానీ, మూడో అంతస్తులో కిటికీ సందులోంచి తీగ లాక్కున్న పాత ఫ్లాటుకు దానివల్ల ఒరిగేది తక్కువ.

పల్లెల్లో సమస్య మళ్లీ వేరు. 2011లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్, తర్వాత భారత్‌నెట్‌గా పేరు మార్చుకున్న ఆ పథకం, గ్రామ పంచాయతీ దాకా ఫైబర్ తీసుకెళ్లడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. పంచాయతీ కార్యాలయం నుంచి ఇంటి గడప దాకా తీగ ఎవరు వేయాలి, తెగితే ఎవరు అతకాలి అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం గాలిలోనే ఉండిపోయింది.

గాజుపోగులో కాంతి లెక్క

నెట్ పోయినప్పుడు మోడెం మీద ‘ఎల్ఓఎస్’ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు మినుకుమంటుంది. కాంతి అందడం లేదని దాని అర్థం. ఎందుకు అందదో తెలియాలంటే ఫైబర్ పని తీరును కొంచెం చూడాలి.

ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి వెంట్రుకంత సన్నని గాజుపోగులో లేజర్ కాంతి బయలుదేరుతుంది. దారిలో స్ప్లిటర్ అనే పరికరం ఆ కాంతిని ఎనిమిది పాయలుగా చీలుస్తుంది, ఒక్కో పాయను మరో స్ప్లిటర్ మళ్లీ ఎనిమిదిగా చీలిస్తే 64 ఇళ్లకు అందుతుంది. దారి పొడవునా కరెంటు అక్కరలేదు. ఇక్కడే ఒక సుగుణమూ ఒక బలహీనతా ఉన్నాయి. మధ్యలో కరెంటు పోయినా ఫైబర్ పనిచేస్తుంది, కాబట్టి ఆపరేటర్ గదిలో బ్యాటరీ, ఇంట్లో మోడెంకు చిన్న యూపీఎస్ ఉంటే నెట్ ఆగదు. డాబా మీద స్విచ్ పెట్టి అక్కడి నుంచి ఫ్లాట్లకు రాగి తీగ దించిన పాత ఏర్పాటులో ఈ సౌకర్యం లేదు, అపార్టుమెంటులో కరెంటు పోతే అందరి నెట్టూ పోతుంది. ఇక బలహీనత ఏమిటంటే, చీలిన కొద్దీ కాంతి క్షీణిస్తుంది, దాన్ని మధ్యలో బలపరిచేవారు ఎవరూ ఉండరు.

ఒక లెక్క చూద్దాం. కాంతి బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. అందులో 3 తగ్గడమంటే కాంతి సగం కావడం. ఓఎల్‌టీ నుంచి +3 వద్ద కాంతి బయలుదేరిందనుకుందాం. ఎనిమిదిగా చీల్చే ఒక్కో స్ప్లిటర్ సుమారు 10.5 తింటుంది, రెండు కలిపి 21. అయిదు కిలోమీటర్ల గాజుపోగు దాదాపు 1.5, అతుకులు, కనెక్టర్లు కలిపి మరో 1.5. మొత్తం 24 పోయి మోడెం దగ్గరకు చేరేది -21. అంటే పంపిన కాంతిలో సుమారు 250వ వంతు. సాధారణ మోడెం -27 వరకు చదవగలదు. మిగులు 6 అన్నమాట.

ఆ ఆరు ఎలా ఖర్చవుతాయో మన వీధులు చూస్తే అర్థమవుతుంది. సోఫా వెనక తీగ మరీ మెలి తిరిగితే రెండు మూడు పోతాయి. గాజుపోగును విద్యుత్ మెరుపు వేడితో కరిగించి అతికే స్ప్లైసింగ్ యంత్రం అందుబాటులో లేక చేత్తో కనెక్టర్ బిగించి సరిపెట్టిన చోట ఒకటో రెండో పోతాయి. దుమ్ము పట్టిన కనెక్టర్, వాన నీరు చేరిన పెట్టె, కోతి ఊగిన తీగ మిగతావి తింటాయి. ఇదంతా ఒక్కసారిగా జరగదు కాబట్టే ‘పొద్దున బాగానే ఉంది, సాయంత్రం పోయింది, మళ్లీ దానంతటదే వచ్చింది’ అనే వింత ఫిర్యాదులు పుడతాయి. కాంతి అంచు మీద నడుస్తున్న లైన్ అది. లైన్‌మ్యాన్ వచ్చినప్పుడు నెట్ పనిచేస్తూ ఉంటే ‘బాగానే ఉంది కదా సార్’ అని వెళ్లిపోతాడు. కొలిచే పరికరం జేబులో ఉన్నవాడు -26 చూసి తల పంకిస్తాడు. అది లేనివాడికి పచ్చ లైటే ప్రమాణం.

రోడ్డు తవ్వకాల్లో ప్రధాన తీగ తెగడం ఇంకో రకం. అప్పుడు కాంతి క్షీణించడం కాదు, పూర్తిగా ఆగిపోతుంది. ఒక తీగలో పదుల పోగులుంటే ప్రతి పోగునూ రంగు చూసి జతపరిచి విడివిడిగా అతకాలి. ‘మెయిన్ లైన్ కట్ అయిందండీ, రెండు గంటల్లో వస్తుంది’ అన్న మాట రాత్రి దాకా సాగడానికి అన్నిసార్లూ నిర్లక్ష్యమే కారణం కాదు.

వంద ఎంబీపీఎస్ ఎటు పోయింది?

కొలతతోనే మొదటి తికమక. ప్లాన్‌లో చెప్పే ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, ఫోనూ కంప్యూటరూ డౌన్‌లోడ్ చూపేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ లైన్ మీద సెకనుకు 12.5 మెగాబైట్లు మించి దిగవు. 4 జీబీ సినిమా దిగడానికి 320 సెకన్లు, అంటే అయిదు నిమిషాల పైచిలుకు పట్టడం సక్రమమే.

రెండోది వైఫై. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటి దూరం వెళతాయి గానీ, అందులో ఒకదానితో ఒకటి కలగలవని చానళ్లు మూడే. నలభై ఫ్లాట్లున్న భవనంలో నలభై రూటర్లు ఆ మూడింటి మీదే కేకలు వేస్తుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, వేగం ఎక్కువ, కానీ మన సిమెంటు గోడ రెండు దాటేసరికి నీరసిస్తుంది. పడగ్గదిలో వచ్చే 20 ఎంబీపీఎస్‌కు కంపెనీని తిట్టడం ఎంత సహజమో, రూటర్ పక్కన తీగతో కొలిస్తే 95 రావడమూ అంత సహజం. అలాగే 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారినా 95 దగ్గరే ఆగుతుంటే, మోడెంలోనో రూటర్‌లోనో ఉన్న పాత పోర్టు 100కు మించి మోయలేనిదై ఉండవచ్చు.

మూడోది పంపకం, అసలు రహస్యం ఇక్కడుంది. పైన చెప్పిన స్ప్లిటర్ల పద్ధతిలో (మామూలుగా వాడే రకాన్ని జీపాన్ అంటారు) ఒక ఓఎల్‌టీ పోర్టు మోసేది సుమారు 2.5 జీబీపీఎస్, అంటే 2,500 ఎంబీపీఎస్. దాన్ని 64 ఇళ్లకు పంచి ప్రతి ఇంటికీ 100 చొప్పున అమ్మితే, అమ్మినది 6.4 జీబీపీఎస్. అందరూ ఒకేసారి పూర్తి వేగంతో దింపుకుంటే ఇంటికి 39 ఎంబీపీఎస్ మించి రాదు. అందరూ ఒకేసారి దింపుకోరన్నది ఈ వ్యాపారానికి పునాది. ఊళ్లో అందరూ ఒకే నిమిషంలో కుళాయి తిప్పరన్న నమ్మకంతో వాటర్ ట్యాంకు కట్టడం లాంటిదే ఇది, ఇందులో మోసమేమీ లేదు.

ఇబ్బంది ఆ పైమెట్టులో వస్తుంది. వెయ్యి ఇళ్లున్న ఒక చిన్న ఆపరేటర్ పైనుంచి 2 జీబీపీఎస్ బ్యాండ్‌విడ్త్ కొన్నాడనుకుందాం. రాత్రి తొమ్మిదింటికి 400 ఇళ్లలో ఒక్కో టీవీ 5 ఎంబీపీఎస్ వీడియో చూస్తే చాలు, ఆ 2 జీబీపీఎస్ నిండిపోతుంది. 401వ ఇల్లు చేరగానే అందరికీ గుండ్రాలు తిరగడం మొదలవుతుంది. ఇది అలా జరగకుండా కాపాడేది క్యాష్ సర్వర్లు. ప్రజాదరణ ఉన్న వీడియోల నకళ్లను ఇంటర్నెట్ కంపెనీ గదిలోనే ఉంచుతారు కాబట్టి యూట్యూబ్ హాయిగా నడుస్తుంది. ఇంటి కంప్యూటర్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌తో కలిపే వీపీఎన్ మాత్రం నత్తనడక నడుస్తుంది. స్పీడ్ టెస్టు కూడా చాలాసార్లు అదే నగరంలోని సర్వర్‌ను తాకి వస్తుంది గనుక నిండు మార్కులు చూపిస్తుంది. ‘స్పీడ్ టెస్టులో వంద వస్తోంది కదా’ అనే కస్టమర్ కేర్ మాటా, ‘పని మాత్రం జరగడం లేదు’ అనే వినియోగదారుడి మాటా రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. గుంటూరులోని తల్లి డాలస్‌లోని కొడుకుతో వీడియోలో మాట్లాడితే ఆ మాట ఏ ముంబయి తీరం నుంచో, చెన్నై తీరం నుంచో సముద్రగర్భ కేబుళ్లలోకి దిగుతుంది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెద్దా సమీపాన కేబుళ్లు తెగినప్పుడు భారత్ సహా ఆసియా దేశాల్లో కొన్ని సేవలు మందగించాయి. అలాంటి రోజు లైన్‌మ్యాన్‌ను స్తంభం ఎక్కించినా ప్రయోజనం ఉండదు.

నిబంధనల భాషలో అసలు ‘బ్రాడ్‌బ్యాండ్’ అంటే ఎంత వేగమన్నది ఇక్కడ గుర్తు చేసుకోవడం ఆసక్తికరం. 2004 విధానంలో అది 256 కేబీపీఎస్ (వెయ్యి కేబీపీఎస్ ఒక ఎంబీపీఎస్), 2013లో 512 కేబీపీఎస్, 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్. ప్రకటనలోని అంకెకూ చట్టంలోని అంకెకూ మధ్య ఉన్న ఎడం ఇది.

‘అన్‌లిమిటెడ్’కు ఒక హద్దు, 499కు ఒక తోక

చాలా కంపెనీల ‘అపరిమిత’ ప్లాన్లకు అడుగున చిన్న అక్షరాల్లో నెలకు 3,300 జీబీ అనే పరిమితి ఉంటుంది. అది దాటితే వేగం తగ్గుతుంది. 5 ఎంబీపీఎస్ వీడియో గంటకు 2.25 జీబీ తింటుంది కాబట్టి, రెండు టీవీలు నెలంతా రేయింబవళ్లు ఆగకుండా నడిస్తే గానీ ఆ హద్దు చేరదు. మామూలు కుటుంబానికి దీనితో పేచీ లేదు. పేచీ వచ్చేది 100, 200 జీబీల చిన్న ప్లాన్లతోనే. ధర విషయానికొస్తే, 499 మీద 18 శాతం జీఎస్టీ కలిపి కట్టాల్సింది 588.82 రూపాయలు. ప్రకటనలో తోక కనబడదు.

సీసీ కెమెరాను ఫోన్‌లో చూడలేకపోతున్నామన్న ఫిర్యాదుకు కూడా ఒక వాక్యం కేటాయించాలి. ఇంటర్నెట్ చిరునామాల కొరత వల్ల కంపెనీలు ఒకే ప్రజా చిరునామాను అనేక ఇళ్లకు పంచుతాయి. బయటి నుంచి నేరుగా మన ఇంటి యంత్రాన్ని పిలవడం అప్పుడు కుదరదు, విడి చిరునామా కావాలంటే అదనంగా కట్టాలి.

స్తంభం మీద హక్కు ఎవరికి?

తిరిగి హైదరాబాద్ వీధుల్లోకి వస్తే, ఇక్కడ మూడు వాదనలూ వినదగినవే. విద్యుత్ సంస్థ చెప్పేదేమిటంటే, స్తంభాన్ని కట్టింది కరెంటు తీగల బరువుకే గానీ వాటికి రెట్టింపు కేబుళ్ల చుట్టలకు కాదు, మరమ్మతుకు ఎక్కే తమ సిబ్బందికి కాలు పెట్టే చోటు ఉండదు, అనుమతి లేకుండా వేసిన తీగలకు బాధ్యులెవరో కూడా తెలియదు. రామంతాపూర్ తర్వాత ఈ మాటకు బరువు పెరిగింది.

కంపెనీల జవాబు ఫైబర్‌లో కరెంటు ప్రవహించదన్నది. గాజు విషయంలో అది శాస్త్రీయంగా నిజం. అయితే వీధిలో వేలాడేది ఒట్టి గాజు కాదు. తీగ తెగకుండా పట్టి ఉంచడానికి స్తంభం నుంచి ఇంటికి వచ్చే చాలా డ్రాప్ కేబుళ్లలో ఉక్కు తీగ కూడా ఉంటుంది, పాత టీవీ కేబుల్ అయితే పూర్తిగా లోహమే. హైటెన్షన్ తీగ మీద పడితే అవి కరెంటును మోయగలవు. లోహం అసలే లేని కేబుళ్లు మార్కెట్లో ఉన్నాయి, వాటి ధర ఎక్కువ. అనుమతులకు దరఖాస్తు పెట్టినా జాప్యమవుతోందని, ముందస్తు గడువు లేకుండా కోసేస్తే ఆసుపత్రులు, బ్యాంకులు కూడా ఆగుతాయని కంపెనీలు చెప్పే రెండో మాటను కొట్టిపారేయలేం. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు వెళ్లినప్పుడు అనుమతి ఉన్న తీగలేవి, లేనివేవి అన్నదే ప్రధాన ప్రశ్నగా నిలిచింది.

స్థానిక ఆపరేటర్లది మూడో గొంతు. ముప్పై ఏళ్లుగా అందరూ చూస్తుండగానే వేసిన తీగలు ఇవాళ ఉన్నట్టుండి అక్రమమెలా అయ్యాయని వారు అడుగుతారు. వారు ఒప్పుకోని సంగతి ఒకటుంది. వినియోగదారుడు మానేసినా పాత తీగను తీసే ఆనవాయితీ లేదు, తీసినవాడికి కూలి ఇచ్చేవారూ లేరు. స్తంభం మీద కనబడే చుట్టల్లో కొంత భాగం ప్రాణం లేని తీగలే. కోతకు వచ్చిన సిబ్బందికి ఏది బతికున్న తీగో, ఏది చచ్చినదో గుర్తుపట్టే గుర్తులు ఉండవు.

భూగర్భంలో వేస్తే సరిపోదా అన్న ప్రశ్నకు రెండు తెలుగు రాష్ట్రాలు రెండు ప్రయోగాలు చేశాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్‌ను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. తవ్వకం లేదు కాబట్టి పని వేగంగా, చౌకగా సాగి, 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి నెలకు 149 రూపాయల ప్లాన్ ఇవ్వగలిగారు. గాలివానకూ, తుపానుకూ ఎదురు నిలవాల్సింది కూడా ఆ తీగలే. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలనూ పరిచే దారి పట్టింది. తీగకు రక్షణ ఎక్కువే గానీ, ఇళ్లకు సేవలుగా అది చేరడానికి ఏళ్లు పట్టింది. ఏ దారి పట్టినా ఆఖరి 200 మీటర్లలో మళ్లీ ఎవరో ఒకరు స్తంభం ఎక్కాల్సే వస్తోంది.

స్తంభమే అక్కరలేని 5జీ ఎయిర్‌ఫైబర్ లాంటి సేవలు అందుకే ఆకర్షిస్తున్నాయి. జియో 2023 సెప్టెంబరులో ఎనిమిది నగరాల్లో మొదలుపెట్టినప్పుడు హైదరాబాద్ కూడా వాటిలో ఉంది. డాబా మీద పెట్టె, ఇంట్లో రూటర్, మధ్యలో గాలి. పంపకం సమస్య మాత్రం పోదు, ఓఎల్‌టీ పోర్టుకు బదులు సెల్ టవర్ దగ్గర జరుగుతుంది, అంతే.

ఫిర్యాదు గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

నిబంధనలు లేవనడం సరికాదు. 2006లోనే ట్రాయ్ బ్రాడ్‌బ్యాండ్ నాణ్యత నిబంధనల్లో, చెడిన లైన్లలో 90 శాతానికి పైగా మరుసటి పనిదినానికల్లా బాగుపడాలని చెప్పింది. మూడు పనిదినాలు దాటితే అద్దె, అంటే కనెక్షన్ నెలసరి చార్జీ, తగ్గించాలి: ఏడు పనిదినాల లోపైతే ఏడు రోజులది, పదిహేను లోపైతే పదిహేను రోజులది, ఆ పైన అయితే నెలది. 499 ప్లాన్ అయిదు పనిదినాలు ఆగితే తిరిగి రావాల్సింది సుమారు 116 రూపాయలు. ఈ నిబంధనల స్థానంలో కొత్తవి 2024 ఆగస్టులో వచ్చి అక్టోబరు 1 నుంచి అమలైనా అద్దె తగ్గింపు సూత్రం కొనసాగింది.

మరి ఈ తగ్గింపు అందుకున్నవారు ఎందుకు అరుదు? ఆ గడియారం మొదలయ్యేది కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, పుట్టినప్పుడు. మనం చేసేది లైన్‌మ్యాన్‌కు ఫోను. అతను తెలిసినవాడు, వీధిలోనే తిరుగుతుంటాడు, ‘అన్నా, కొంచెం చూడవా’ అంటే కస్టమర్ కేర్ కంటే ముందే వస్తాడు. అతను సాయంత్రానికల్లా బాగుచేస్తే ఆ దారే మేలు. నాలుగు రోజులు తిప్పితే మాత్రం, కంపెనీ రికార్డులో మన ఇల్లు ఆ నాలుగు రోజులూ నిక్షేపంగా పనిచేసినట్టే. వేగంగా పని జరిగే దారిలో రుజువు మిగలదు, రుజువు మిగిలే దారిలో పని నిదానం. ఈ పేచీలో నాకు అన్నిటికంటే కీలకంగా తోచేది ఇదే, ఎందుకంటే కాగితం మీది హక్కు వీధిలో అక్కరకు రాకపోవడానికి కారణం చట్టం లోపం కన్నా ఈ ఆత్మీయమైన అడ్డదారే.

డాకెట్ ఉన్నా పని జరగకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లే మెట్టును 2012 నిబంధనలు ఏర్పరిచాయి, అక్కడ 39 రోజుల్లో తేలాలి. రెండు మెట్లూ కంపెనీ లోపలివే కావడం మీద వినియోగదారుల సంఘాలకు అభ్యంతరం ఉంది. ట్రాయ్ విడి విడి వ్యక్తుల ఫిర్యాదులను విచారించదు, అది విధానాలు చేసే సంస్థ. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 మధ్యవర్తిలా పనిచేస్తుంది. టెలికాం వివాదాలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి రావన్న పాత వాదనను 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం టెలికాం సేవలను పేరు పెట్టి మరీ చేర్చింది, అయిదు లక్షల లోపు వ్యవహారాలకు జిల్లా కమిషన్‌లో రుసుము కూడా లేదు. 116 రూపాయల కోసం అంత దూరం వెళ్లేవారెవరన్నదే ప్రశ్న. కంపెనీల ధీమా కూడా బహుశా అదే.

కంపెనీ మారితే?

మొబైల్ నంబరును మరో కంపెనీకి మార్చుకున్నట్టు ఇంటి ఇంటర్నెట్‌ను మార్చుకునే ఏర్పాటు లేదు. పాతది మూయించాలి, మోడెం తిరిగి ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి, డిపాజిట్ కోసం ఎదురుచూడాలి, కొత్తదానికి మళ్లీ ఇన్‌స్టలేషన్ కట్టాలి. మూసిన తర్వాత కూడా బిల్లులు రావడం, మోడెం ఇవ్వలేదని ఫోన్లు రావడం సర్వసాధారణమైన ఫిర్యాదులు. తీసుకెళ్లే మనిషి ఒకరు, లెక్క రాసే కార్యాలయం మరొకరిది కావడమే దీనికీ మూలం.

రెండేళ్ల కిందట వర్షాకాలమంతా సతాయించిన ఒక కనెక్షన్‌ను మా ఇంట్లో మానేసి, ప్రకటనలు చూసి మరో కంపెనీకి దరఖాస్తు పెట్టుకున్నాం. మూడో రోజు తలుపు కొట్టింది పాత లైన్‌మ్యానే. కొత్త కంపెనీ టీ-షర్టు వేసుకుని ఉన్నాడు. మెట్ల దగ్గర నుంచి వస్తున్న అదే తీగ కొసను శుభ్రంగా తుడిచి, కొత్త కనెక్టర్ వేసి, కొత్త మోడెంకు తగిలించి, పచ్చ లైటు చూపించాడు. ‘తీగ మారుస్తావా బాబూ’ అని అడిగితే, వీధి పెట్టెలో ఆ కంపెనీ పోగు ఈ కంపెనీ పోగు పక్కపక్కనే ఉన్నాయని, అక్కడ మార్చి వచ్చానని, తీగ బాగానే ఉందని చెప్పాడు.